వరస తప్పిన చెరువు

చచ్చిన రొయ్యని అరచేతిలో వేసుకుని ఎండకి ఎత్తి పట్టింది ముబీనా. వీపు మీది నల్లగీత తల దగ్గర మొదలై తోకదాకా ఎక్కడా తెగకుండా ఉంది. ఇంకొకటి తీసింది. దానికీ అంతే. గుప్పెడు రొయ్యలు తిరగేసి చూసింది. అన్నిటికీ పేగు నిండా మేతే.

"ఇవి పొద్దున మేత తిన్నాయా గంగాదేవిగారూ?"

"శుభ్రంగా తిన్నాయమ్మా. ఆరింటికి చెక్ ట్రే పైకి లాగి చూస్తే నలుసు మిగల్లేదు. ఇంటికెళ్ళి టీ తాగొచ్చేసరికి ఒడ్డు కొట్టుకుని ఎగురుతున్నాయి. చూస్తుండగానే మొత్తం తిరగబడిపోయాయి." చెరువు యజమానురాలు చెంగుతో ముఖం తుడుచుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎవరితోనూ అనమాకమ్మా. పట్టుబడి అని, రొయ్య పట్టి అమ్మేస్తున్నానని చెప్తున్నా అందరికీ. చచ్చిందని తెలిస్తే కొనేవాడు సగం రేటు కూడా పలకడు."

ముబీనాకి ఈ మాట కొత్త కాదు. పడమటిపాయ చుట్టూ ముప్ఫయ్యారు రొయ్యల చెరువులుంటే, రెండు నెలల్లో ఇరవై ఆరు చచ్చాయి. ఒక్క రైతన్నా మొదటిసారి అడిగితే నిజం చెప్పలేదు. ఇల్లు తగలబడుతున్నా పొయ్యి రాజేశామని చెప్పే రకం, అని పది రోజులుగా ఆమె నవ్వుకుంటూనే ఉంది. ఈ పూట నవ్వు రాలేదు.

గట్టు వెంట నడిచింది. బురదలో ఎండ్రకాయలు కాళ్ళు ముడుచుకుని చచ్చి పడున్నాయి. నీటి మీద నడిచే పురుగులు కూడా గాలి తోసినట్టల్లా కొట్టుకుపోతున్నాయి. చచ్చిన మిగతా చెరువుల్లో ఇలా జరగలేదు. అక్కడ రొయ్య ముందు మేత మానేసింది, పేగు ఖాళీ అయింది, నాలుగైదు రోజుల పాటు కొంచెం కొంచెంగా చచ్చింది. ఎండ్రకాయలు మాత్రం నిక్షేపంగా తిరిగాయి. ఇక్కడ కడుపునిండా తిన్న రొయ్య, పురుగూ పుట్రా, అన్నీ ఒక్కసారిగా పోయాయి. ఆ చెరువులు జబ్బుపడి చచ్చాయి. ఈ చెరువుని ఎవరో చంపారు.

రొయ్యల్ని ఒక సీసాలో, నీళ్ళని ఇంకో సీసాలో పోసి మూత బిగించింది. ల్యాబుకి పంపితే వారానికి గానీ జవాబు రాదు. ఆమెకున్నది సాయంత్రం దాకా. అయిదు లోపల నూకరాజుని అవనిగడ్డ కోర్టులో ప్రవేశపెడతారు. రిమాండ్ పడిందంటే ఇక అతను బయటికి రావడం కల్ల.

నూకరాజు పాయ ఒడ్డు పల్లెలో చేపలవాడు. చెరువుల మురుగంతా పాయలోకి వదిలి చేపల్ని చంపుతున్నారని రైతులతో గొడవపడి, "మా పాయని చంపారు, మీ చెరువులూ అట్టాగే పోతాయి!" అని నలుగురిలో అరిచాడు. తర్వాత చెరువులు పోయాయి. ఏ నీళ్ళనైతే చెరువులకి తోడతారో ఆ పాయలోనే పురుగుమందు కలిపాడని రైతులు పట్టుబట్టారు. అతని పడవలో పురుగుమందు ఖాళీ డబ్బా దొరికింది. పడవలో ఊరే నీళ్ళు తోడుకోవడానికి, పైభాగం కోసి పెట్టుకున్న డబ్బా అది. ఆ పల్లెలో అలాంటి డబ్బా లేని పడవ లేదు. ఆ సంగతి పల్లెవాళ్ళకి తప్ప ఎవరికీ పట్టలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి నూకరాజు లాకప్‌లో ఉన్నాడు.

అతని భార్య లక్ష్మీకాంతమ్మ పది రోజుల కిందటే బందరు వచ్చి ముబీనా ఆఫీసు మెట్లెక్కింది. ఆఫీసంటే నాన్నగారి రోల్డుగోల్డు దుకాణం మీది గది. యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివి, ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, చివరికి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టిన ముబీనాని ఆవిడ అడిగింది ఒకటే. "మా ఆయన నోటి దురుసు మనిషే అమ్మగోరూ. చేతి దురుసు మాత్రం లేదు. ఆ ముక్క ఎవరి చేతన్నా ఒప్పించండి."

కారు హారన్ మోగింది. తెల్లకారు గట్టు మొదట్లో ఆగింది. అందులోంచి ఇద్దరు దిగారు. ముందు దిగినవాడు దుర్గాప్రసాద్. 'నీలిముత్యం' అనే మినరల్ మందు అమ్మే కంపెనీకి ఏరియా మేనేజరు. గుడివాడ ఆఫీసులో కూర్చుని దివిసీమ అంతటా ఆ మందు పోయించిన మనిషి. వెనక దిగినవాడు రాజారత్నం. కంపెనీ తరఫున లెక్కలు చూసే నిపుణుడు. ముబీనాకి క్లాస్‌మేట్ కూడా. చదువుకునే రోజుల్లో ఒక్క మార్కు కోసం ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు. ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

"ఏం ముబీనా! మందు వెయ్యని చెరువు కూడా చచ్చిందటగా?"

"ఎవరు చెప్పారు రత్నం?"

రాజారత్నం మేనేజరు వైపు చూశాడు. దుర్గాప్రసాద్ చిరునవ్వు నవ్వాడు. "ఊరూరా మా డీలర్లు ఉంటారు కదండీ. పాపం, గంగాదేవిగారి చెరువని తెలిసి పలకరించిపోదామని వచ్చాను. నాకు గుడివాడలో మీటింగుంది. రత్నంగారూ, మీరు స్టేషన్‌కి మేడంగారి స్కూటర్ మీద వెళ్తారుగా?"

చెరువు చచ్చిన సంగతి గంగాదేవి ముబీనాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరంతా పట్టుబడి అనుకుంటోంది. ముబీనా ఆ మాట పైకి అనలేదు, మనసులో మాత్రం ముడి వేసుకుంది.

కారు వెళ్ళిపోగానే రాజారత్నం చేతులు కట్టుకున్నాడు. "నీ వాదన ఏమిటి? మందు ఎంత ఎక్కువ వేస్తే చెరువు అంత త్వరగా చచ్చిందని. మరి ఒక్క ప్యాకెట్టూ వెయ్యని చెరువు ఎందుకు చచ్చింది? పాయ నీళ్ళు! మొదట్నించీ మేం చెప్తున్నదదే. ఇంకా లెక్క చేస్తావా?"

"చేస్తాను."

"ఈ చెరువుని తీసేసి చేస్తావా?"

"ఉంచే చేస్తాను. నిన్న రాసిచ్చిన మాట మార్చను."

"మొండిదానివి. అప్పుడూ అంతే," అని అతను నీడలో పెట్టిన స్కూటర్ వైపు నడిచాడు.

ధైర్యంగా అందే గానీ, ముబీనా మనసులో లెక్కంతా మళ్ళీ తిరగేసుకుంది. చెరువుల్ని నాలుగు గుంపులు చేసింది తనే. చెరువులో రొయ్యపిల్ల వేసిన రోజున ఎకరానికి ఎన్ని ప్యాకెట్లు వేశారన్నదే లెక్క: సున్నా, ఒకటి, రెండు, మూడు. గంగాదేవి చెరువు సున్నా గుంపులోది. ఆ గుంపు నిలబడితేనే నూకరాజు నిలబడతాడు.

నీటికాకి ఒకటి చెరువు మీదకి దూకబోయి, బెదిరి పక్కకి తిరిగింది. ముబీనా తలెత్తింది. చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తాళ్ళు కట్టి, వెండిరంగు ప్లాస్టిక్ పేలికలు వేలాడదీశారు. ఎండకి తళతళా మెరుస్తున్నాయి. పక్షుల్ని బెదరగొట్టడానికి ప్రతి చెరువు మీదా ఉండేవే. పది రోజులుగా వాటి కిందే తిరిగింది, ఒక్కసారీ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఒక పేలికని అందుకుని తిప్పి చూసింది. వెనక వైపు నీలం శంఖం బొమ్మ, సగం తెగిన అక్షరాలు. నీలిముత్యం ప్యాకెట్టు.

"గంగాదేవిగారూ, ఇలా రండి. ఇవెక్కడివి?"

ఆవిడ పేలిక వంకా ముబీనా వంకా చూసి నేల చూపులు చూసింది.

"ఈ చెరువులో ఏ మందూ వెయ్యలేదన్నారు మీరు. బెల్లం, తవుడు పులియబెట్టి పోస్తానన్నారు."

"అవీ పోస్తానమ్మా."

"అవీ అంటే?"

"ఏం చెయ్యమంటావు? రొయ్యలో మందు ఆనవాలు దొరికిందంటే కొనేవాడు వెనక్కి పంపేస్తాడు. అందుకని మందేశారా అని బ్రహ్మదేవుడొచ్చి అడిగినా లేదనే అంటాం. నోటికి అలవాటైపోయింది. మా తమ్ముడు తన పేరు మీద కోడూరులో కొని తెచ్చిచ్చాడు. పిల్లేసిన రోజునే ఎకరానికి మూడు చొప్పున కొట్టాం."

"మీ చుట్టుపక్కల వాళ్ళకి తెలుసా?"

"తెలవకపోవడమేంటమ్మా! బస్తాలు మోసిందే వాళ్ళు. పేలికలు కోసిచ్చింది పక్క చెరువామె."

ముబీనా అక్కడే గట్టు మీద కూలబడింది. చచ్చిందా అని అడిగితే అబద్ధం చెబుతారని తెలుసుకుని జాగ్రత్తపడింది. మందేశారా అని అడిగితే కూడా అబద్ధం చెబుతారని తట్టలేదు. అందరూ ప్యాకెట్లు చూపించి మరీ చెప్పారు కదా అనుకుంది. అడుసు తొక్కింది, ఇక కాలు కడుక్కోక తప్పదు. కానీ ఇప్పుడు ఈ చెరువుని సున్నా గుంపులోంచి తీసి మూడు గుంపులో వేస్తే లెక్క ఇంకా బాగా తనవైపు మొగ్గుతుంది. చెరువు చచ్చాక గుంపు మార్చిందని రాజారత్నం దుమ్మెత్తిపోస్తాడు. నిజాన్ని సరిదిద్దడం కూడా మోసంలాగే కనిపిస్తుంది.

పేలికని మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఇంతకీ ఊరందరికీ తెలిసిన సంగతి తనకి మాత్రం తెలియదు. ఆ ఊహ దగ్గర ఆమె మనసు ఒక్క క్షణం ఆగింది. ఇంకెవరికి తెలియదు?

*

స్టేషన్ పాయ ఒడ్డునే ఉంది. సి.ఐ. కృపాకుమారి బల్ల మీద ఫైళ్ళన్నీ పక్కకి జరిపి ల్యాప్‌టాప్‌కి చోటిచ్చింది. బల్ల చివర, దారం చుట్టి లక్క ముద్ర వేసిన నూకరాజు డబ్బా ఉంది. ఊచల వెనక నూకరాజు మోకాళ్ళ మీద గడ్డం ఆన్చుకుని కూర్చున్నాడు.

"నాలుగింటికి జీపు బయల్దేరాలి," అంది సి.ఐ. "నాకు లెక్కలు రావు. కానీ నా కేసులో రంధ్రం ఉంటే జడ్జిగారి ముందు కాదు, నా ముందే కనపడాలి. నిన్న మీరడిగినట్టే చేశాను. ఏ చెరువు ఏ రోజు చచ్చిందో మా కానిస్టేబుళ్ళు రాసుకొచ్చారు. ఆ కవరు నేను తప్ప ఎవరూ తెరవలేదు."

"ఎవరు ఎంత మందు వేశారన్నది నా దగ్గరుంది," అంది ముబీనా. "రెండూ ఇప్పుడే, మీ కళ్ళ ముందే కలుపుతాం."

"ముందు నాది చూడండి మేడమ్." రాజారత్నం ఒక కాగితం ముందుకు తోశాడు. "ఎక్కువ ప్యాకెట్లు వేసిన చెరువులే ఎక్కువ రోజులు బతికాయి. మందు చంపలేదు, కాపాడింది. ఊళ్ళో ఏ రైతునడిగినా ఇదే చెబుతాడు."

"మొదటి నుంచి చివరిదాకా పడిన మొత్తం ప్యాకెట్లు లెక్కేశావా రత్నం?"

"అవును."

"నెలకి చచ్చిన చెరువులో రెండో నెల మందు ఎవడు పోస్తాడు? బతికుంది కాబట్టి ఎక్కువ పడింది. అంతేగానీ, ఎక్కువ పడడం వల్ల బతికిందని కాదు. నూరేళ్ళు బతికిన ముసలాయన ఎక్కువ అన్నం తిన్నాడని, అన్నం వల్లే నూరేళ్ళు బతికాడంటావా? రైతు ఈ పొరపాటు పడ్డాడంటే అర్థముంది. నువ్వు పొరపాటు పడలేదు, మమ్మల్ని పడేలా చేశావు."

సి.ఐ. ఆ కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టింది. రాజారత్నం దవడ బిగించాడు.

"అందుకే మొదటి రోజు వేసిన మందు ఒక్కటే తీసుకున్నాను," ముబీనా కొనసాగించింది. "చావులు మొదలవక ముందే ఖాయమైపోయిన సంగతి అది. ఇక బతికే ఉన్న చెరువులు, బాగుండగానే పట్టేసిన చెరువులు కూడా లెక్కలోకి వస్తాయి. ఫలానా రోజుదాకా చావలేదన్నది కూడా సాక్ష్యమే."

"ఎలా పోలుస్తారు?" సి.ఐ. అడిగింది.

"రెండు పద్ధతులున్నాయి మేడమ్. మామూలుది లాగ్‌ర్యాంక్ పరీక్ష. నాలుగు గుంపుల మధ్య ఏదో ఒక తేడా ఉందా అని అడుగుతుంది. ఎటువంటి తేడా అయినా దానికి ఒకటే. గుంపుల పేర్లు తారుమారు చేసినా అదే జవాబిస్తుంది. రెండోది ట్రెండు పరీక్ష. సున్నా, ఒకటి, రెండు, మూడు, ఈ వరసలో వెళ్ళేకొద్దీ చావు ముందుకు జరుగుతోందా అని ఆ ఒక్కటే అడుగుతుంది."

"ఊరంతా వెతికేవాడూ, ఒకే వీధి వెతికేవాడూ అన్నమాట."

"సరిగ్గా చెప్పారు. ఉన్నది ముప్ఫయ్యారు చెరువులే. ఇంత చిన్న దీపంతో ఊరంతా వెతికితే ఎక్కడా సరిగ్గా కనిపించదు. మందు విషమైతే ఎక్కువ పడ్డచోట ఎక్కువ చంపాలి. కాబట్టి ఏ వీధిలో చూడాలో మనకి ముందే తెలుసు."

"దొంగ ఆ వీధిలో లేకపోతే?" రాజారత్నం అందుకున్నాడు. "ఒక ప్యాకెట్టు మేలు చేసి మూడు కీడు చేస్తే? ట్రెండు పరీక్ష గుడ్డిదైపోతుంది."

"అవుతుంది. అప్పుడు నేను ఓడిపోతాను. ఆ ప్రమాదం ఒప్పుకునే ఎంచుకున్నాను. కానీ పాయ నీళ్ళే కారణమైతే, ఈ వరస అసలు ఉండకూడదు. పాయకి ఎవరి చెరువులో ఎన్ని ప్యాకెట్లు పడ్డాయో తెలియదుగా?"

సి.ఐ. కవరు చింపింది. ఒక్కొక్క చెరువు పేరూ చదువుతుంటే ముబీనా తేదీలు కొట్టింది, రాజారత్నం పక్కన నిలబడి సరిచూశాడు. చివరి పేరు గంగాదేవిది. నిన్నటి కాగితంలో బతికే ఉందని రాసుంది, ఈ పొద్దుటి చావుని ముబీనా చేర్చింది. వేళ్ళు పక్కనే ఉన్న ప్యాకెట్ల గడి మీద ఒక్క క్షణం ఆగాయి. బ్యాగులో పేలిక ఉంది. సున్నాని మూడు చెయ్యడానికి ఒక్క మీట చాలు. ఊచల వెనక మనిషి దగ్గాడు. ముబీనా ఆ గడిని ముట్టుకోకుండా కిందకి దిగింది.

"ముందు మామూలుది చెయ్యి," అన్నాడు రాజారత్నం.

చేసింది. తెర మీద అంకె పడింది. 0.18.

"ఆహా! గుంపుల మధ్య అసలు తేడాయే లేకపోయినా ఇంత తేడా వందలో పద్దెనిమిదిసార్లు కనిపిస్తుంది. ఇదొక సాక్ష్యమా? మేడమ్, జీపు తీయించండి."

నూకరాజుకి అంకెలు అర్థం కాలేదు గానీ గొంతు అర్థమైంది. లేచి ఊచలు పట్టుకున్నాడు. ముబీనా అతని వైపు చూడలేదు. రెండో పరీక్ష నడిపింది.

0.03.

సి.ఐ. తెర వైపు వంగింది.

"అంటే?" అంది సి.ఐ.

"మందుకీ చావుకీ సంబంధమే లేకపోతే, ఇంత వరసగా కనపడడం వందసార్లలో మూడుసార్లు మేడమ్."

"బాగుంది! ఒకటి కుదరలేదని రెండోది," రాజారత్నం బల్ల చరిచాడు. "సంబంధం నచ్చాక జాతకం కలిపించినట్టుంది. పది పరీక్షలు చేస్తే ఒకటి ఎలాగూ నచ్చుతుంది. ఇది సైన్సు కాదు మేడమ్, బేరం."

"కలిపించిన రోజెప్పుడో చూడు." ముబీనా తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "ట్రెండు పరీక్షే చేస్తాను, ఈ గుంపులే, ఈ వరసే, ఏ కారణంతో చచ్చినా చావుగానే లెక్కిస్తాను అని రాసి మీ ఇద్దరికీ పంపింది నిన్న మధ్యాహ్నం. ఏ గుంపులో ఏ చెరువుందో జాబితాతో సహా. అప్పటికి ఈ కవరు మేడంగారి బీరువాలో ఉంది. అభ్యంతరముంటే చెప్పమన్నాను. నువ్వు చెప్పలేదు. మామూలు పరీక్ష నువ్వడిగావు కాబట్టి చేశాను. నేనైతే దాన్ని తలపెట్టనే లేదు."

సి.ఐ. తన ఫోను తెరిచి చూసి తలూపింది. "నాకూ వచ్చింది. నిన్ననే."

రాజారత్నం తేలిగ్గా తగ్గే రకం కాదు. కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. "సరే. వరస ఉందే అనుకుందాం. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. మందు ముట్టని గంగాదేవి చెరువు ఎందుకు చచ్చింది? నీ వరసకి అదొక్కటే అడ్డం తిరిగింది. ఆ చెరువుని మందు చంపలేదు కదా?"

"లేదు. పురుగుమందు చంపింది. కడుపునిండా మేత తిన్న రొయ్య చచ్చింది, ఎండ్రకాయలు చచ్చాయి, పురుగులు చచ్చాయి. పొద్దున ఆరింటి తర్వాత ఎవరో పోశారు. ఆ సమయానికి నూకరాజు ఎక్కడున్నాడు మేడమ్?"

"నా లాకప్‌లో."

"అతని మనుషులు పోసుంటారు!" అన్నాడు రాజారత్నం.

"వాళ్ళైతే చుట్టుపక్కల బతికున్న చెరువుల్లో ఏదైనా ఒకటే. ఇదే ఎందుకు? చచ్చిన సంగతి గంగాదేవి ఊళ్ళో దాచింది. మీ మేనేజరుగారికి మాత్రం తెలిసిపోయింది. ఎలా?" ముబీనా బ్యాగులోంచి వెండిరంగు పేలిక తీసి బల్ల మీద పరిచింది. నీలం శంఖం ఫ్యాను గాలికి కదిలింది. "ఇది ఆ చెరువు మీద వేలాడుతోంది. ఇలాంటివి తాళ్ళ నిండా ఉన్నాయి. గంగాదేవి నాతో అబద్ధం చెప్పింది. ఆ చెరువులో ఎకరానికి మూడు ప్యాకెట్లు పడ్డాయి."

రాజారత్నం పేలికని లాక్కుని చూశాడు. "మరి... నీ లెక్కలో సున్నా అని ఉందిగా?"

"ఉంది. తప్పు నాది. మార్చకుండా అలాగే చేశాను. అయినా వరస నిలబడింది. ఇప్పుడు విను రత్నం. ఆ చెరువుకి మందు పడిందని ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు. పడలేదని నమ్మినవాళ్ళు నా జాబితా చదివినవాళ్ళే. మందు వెయ్యని చెరువులు కూడా చస్తే నా వరస చెడుతుందని తెలిసింది కూడా వాళ్ళకే. ఎవరో నా కాగితం పట్టుకుని, నా తప్పుతో సహా నమ్మి, నేరుగా ఆ చెరువు దగ్గరికి వెళ్ళారు. చదివింది నేను, మేడంగారు, నువ్వు."

సి.ఐ. కుర్చీలోంచి లేచి తలుపు దగ్గర నిలబడింది. రాజారత్నం ముఖంలో నెత్తురుచుక్క లేదు. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నేను పొయ్యలేదు ముబీనా. మా అమ్మ మీద ఒట్టు. ఆ మెసేజ్... దుర్గాప్రసాద్ గారికి ఫార్వర్డ్ చేశాను. సున్నా గుంపు ఎంత గట్టిగా ఉంటే మనకంత ఇబ్బంది అని కూడా రాశాను. లెక్క విషయం చెప్పానంతే. ఆయన ఇలా..."

చదువుకునే రోజుల్లో ఒక్క మార్కు కోసం ఏడ్చిన కుర్రాడే ముబీనాకి కనిపించాడు. కోపంతో పాటు జాలి కూడా వేసింది. ఆ చెరువు మీద వేలు పెట్టి చూపించింది తనే, అతను కాదు. నిజాయితీగా ముందే చెప్పాలనుకుని రాసిన కాగితం ఎవరి చేతిలోనో వేటజాబితా అయింది.

"నీ ఫోన్ ఇవ్వు," అంది సి.ఐ.

సైలెంట్‌లో ఉన్న ఫోను తీశాడు. చదవని మెసేజ్ ఒకటుంది, ఇందాక తేదీలు కొడుతున్నప్పుడు వచ్చింది. సి.ఐ. పైకి చదివింది. "రత్నంగారూ, లెక్క ఇంకాసేపు సాగదీయండి. మందు వెయ్యని మాబు చెరువు కూడా చచ్చిపోయిందట. అది కూడా కలపమనండి."

మాబు నంబరు ముబీనా దగ్గరుంది. స్పీకర్ పెట్టి చేసింది.

"చెరువా? చచ్చిపోవడమేంటక్కా, అశుభం పలుకుతావు!" మాబు గొంతు వెనక బస్సుల రొద వినిపిస్తోంది. "నేను నీళ్ళు చిలికే ఏరియేటర్‌కి బేరింగుల కోసం అవనిగడ్డ వచ్చా. ఇందాకే చూసొచ్చా, రొయ్య నిమ్మకాయలా ఉంది. నాచు పట్టిందని కూలోళ్ళని దింపా."

ఇంకా చావని చెరువు చచ్చిందని కబురొచ్చింది. అయితే పురుగుమందు పొయ్యబోయేది ఇప్పుడన్నమాట.

"ఎవరున్నారు నీళ్ళల్లో?"

"పల్లె ఆడవాళ్ళక్కా. పది పన్నెండుమంది ఉంటారు. నూకరాజు పెళ్ళాం కూడా వచ్చింది పాపం, మొగుడు స్టేషన్లో ఉంటే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యనంటూ. నడుముల్లోతు దిగి తీస్తున్నారు."

"అక్కడెవరికన్నా ఫోన్ చెయ్యి, బయటికి రమ్మను!"

"మడ అడవి అవతల సిగ్నలెక్కడ ఏడ్చిందక్కా? ఏమైంది?"

సి.ఐ. అప్పటికే డ్రైవర్ని కేకేసింది. "మాబు చెరువుకి ఎంతసేపు?"

"వంతెన చుట్టి వెళ్ళాలి మేడమ్. ఎంత తోలినా గంట."

"పాయలో అయితే పావుగంట పట్టదు."

అందరూ తిరిగి చూశారు. నూకరాజు ఊచలకి ముఖం ఆనించి నిలబడ్డాడు. అతని గొంతులో దురుసు లేదు, కంగారొక్కటే. "పాయ పోటు మీదుంది ఇప్పుడు. మడ సందులో నుంచి కొట్టుకుపోవచ్చు. నా పడవ మీ రేవులోనే కట్టేసుందిగా అమ్మగోరూ. తలుపు తియ్యండి. తర్వాత మళ్ళీ ఏసుకోండి."

సి.ఐ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తాళం తీసింది. నూకరాజు ఒక్క గెంతులో బయటికొచ్చి, గుమ్మం దగ్గర ఆగి బల్ల వైపు చెయ్యి చూపించాడు.

"ఆ డబ్బా కూడా ఇప్పించండి. పడవ ఊరుద్ది, నీళ్ళు తోడాలి."

కృపాకుమారి డబ్బా అందుకుంది. చుట్టిన దారాన్ని పట్టి ఒక్క గుంజు గుంజింది. లక్క ముద్ర పగిలి నేల మీద పడింది. డబ్బాని నూకరాజు చేతిలో పెట్టి, అతని వెనకే రేవు మెట్ల మీదికి పరిగెత్తింది.